సంపత్ వంతు

తారీఖు మిషన్లో టికెట్టు పెట్టి నవత తొందరగా నొక్కింది, అంకెలు వంకరగా పడ్డాయి. పడనీ, ఈ టికెట్టును ఎవరూ తనిఖీ చెయ్యరు. రాళ్లచెలిమె నుంచి జగిత్యాలకు, ఒకరు, సాయంత్రం బండి. ఆ ఒకరు ఎవరో అట్ట మీద ఉండదు, రైలుకు పేర్లతో పనిలేదు. పేరు వంతుల పుస్తకంలో ఉంది, నూట నలభై ఏడో నంబరు, చనిపోయిన కరుణాకర్ రావు గుండ్రటి చేతిరాతలో: సంపత్. తన మొగుడు. ఆరేళ్లుగా ఇంటికి రానివాడు, బతికున్నాడో లేదో ఏ పోలీసూ ఏ జ్యోతిష్కుడూ తేల్చి చెప్పనివాడు. ఇంకాసేపట్లో బండి తేలుస్తుంది. ఐదుంబావుకు రావాల్సింది నలభై నిమిషాలు లేటని కోరుట్ల నుంచి ఫోనొచ్చింది. ఆరింటికి సిరిసిల్లలో ఉండే శ్రీశైలం ఫోన్ చేస్తాడు, నన్ను చేసుకుంటవా లేదా అని అడుగుతాడు, ఇవాళ జవాబు చెప్తానని నవత మాటిచ్చింది. బండి పోయినంక చెప్త అంది. ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పేది, బండి అర నిమిషం ఆగితే మా ఆయన బతికున్నట్టు, అంతకంటే ఎక్కువ ఆగితే లేనట్టు అని చెప్పేదా.

టికెట్లమ్మే గది తలుపు దగ్గరికేసి బయటికొచ్చింది. గదంటే ఎనిమిదడుగుల సిమెంటు డబ్బా, దానికో జాలీ కిటికీ, పక్కన రేకుల కప్పు, రెండు బెంచీలు, మూడు భాషల్లో ఊరి పేరు రాసిన పసుపు రంగు బోర్డు. ప్లాట్‌ఫారమంతా కంకర. అవతల పసుపు చేన్లు తవ్వి వదిలేసిన నేల, ఎక్కడో కొమ్ములు ఉడకబెడుతున్నారు, ఆ ఘాటు వాసన గొంతులో కూర్చుంది. ఈ స్టేషను పుట్టిందే ఒక నవ్వులాట మీద, అనుకుంది నవత, ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తొమ్మిదేళ్ల కిందటి మాట. కొత్త లైను పడింది, కరుణాకర్ రావు పాత దొరల ఇంటివాడు, ఎక్కని మెట్టు లేకుండా ఆఫీసులెక్కి బండి ఆపించాడు. ఆరు నెలలు ఆపి చూస్తాం అన్నారు. పొద్దుటి బండికి కాలేజీ పిల్లలూ కూరగాయల గంపలూ ఉన్నాయి, సాయంత్రం జగిత్యాల వైపు పోయే బండికి మాత్రం ఒక్క మనిషి లేడు. టికెట్టు తెగకపోతే ఆపరు. అప్పుడు రావు ఊరందరినీ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి, ఓటర్ల లిస్టు తీసి, రోజుకొకరి వంతు అన్నాడు. వంతు వచ్చినవాళ్లు ఎక్కినా ఎక్కకపోయినా టికెట్టు కొనాలి. రెండువందల పన్నెండు పేర్లు, ఏడు నెలలకోసారి వంతు. దొరా, గీ లిస్టుల సచ్చినోళ్లు గూడ ఉన్నరు గదా అని ఎవరో అడిగారు. ఓట్లేస్తలేరారా, టికెట్టు కొనలేరా అన్నాడు రావు. ఊరంతా నవ్వింది, నవత నవ్వింది, పక్కన సంపత్ ఆమె భుజం మీద చెయ్యేసి మరీ నవ్వాడు. ఒక్క పేరు కొట్టెయ్యలేదు. పేరు తగ్గితే వంతు తొందరగా వస్తుందని తర్వాత కూడా ఎవరూ కొట్టెయ్యమనలేదు. చచ్చిపోయినవాళ్ల టికెట్టును కొడుకో కోడలో కొని, పటం వెనక దోపుకుంటున్నారు. అంతే కదా, ఎవరికేం నష్టం.

"బండి ఏడున్నదట బిడ్డా?" బెంచీ మీద నుంచి కొమురెల్లి అడిగాడు. డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరి, మంద పట్టాల అవతల మేస్తుంటే రోజూ ఈ నీడలో కూర్చుంటాడు.

"కోరుట్ల దాటలేదు మామా."

"ఎవల వంతు ఇయ్యాల?"

నవత పట్టాల వైపు చూసింది. కొమురెల్లి బీడీ వెలిగించి, పుల్ల విదిలించాడు. "చెప్పకుంటే నాకేంది. నా వంతు దసరాకు వడ్డది, నేను ఎక్కలే, నువ్వు ఎక్కుమన్లే. గీ బండి ఎక్కెటోళ్లు ఎవలో నీకెరుకనే గదా."

ఎరుకే. ఊళ్లో సగం మందికి ఎరుకేనేమో, ఎవరూ పైకి అనరు. నవతకు తెలిసింది రావు చనిపోయిన తర్వాత, మూడేళ్ల కింద, ఇలాంటి సాయంత్రమే. రాజమణి వంతు ఆ రోజు. బీడీలు చుట్టి చుట్టి ఊపిరితిత్తులు పోగొట్టుకుని అప్పటికి ఏడాది ముందే చచ్చిపోయిన ముసలామె. ఆమె కోడలు టికెట్టు కొనుక్కుని వెళ్లిపోయింది, ప్లాట్‌ఫారం మీద పిట్ట లేదు, బండి వచ్చింది, ఆగింది. అర నిమిషం, ముప్పై లెక్కపెట్టేలోపు కదలాలి, అది రూలు. కదల్లేదు. చివరి పెట్టె గుమ్మంలో గార్డు పచ్చ జెండా చుట్టి పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు, ఎవరో నాలుగడుగులు వేసి ఆగి, దగ్గి, మళ్లీ నాలుగడుగులు వేస్తుంటే ఓపిగ్గా చూసినట్టు. రెండు నిమిషాలు పోయింది. తర్వాత జెండా ఊపాడు. మర్నాడు అతనే వస్తే నవత అడిగింది, నిన్న అంతసేపు ఎందుకు ఆపిండ్రు సార్ అని. అతను వింతగా చూసి, ఎక్కుతుండె గదమ్మా అన్నాడు. నవత వెనక్కి పోయి వంతుల పుస్తకం తెరిచింది. అప్పటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బతికున్నవాళ్ల వంతుకు అర నిమిషం, ఎప్పుడూ అర నిమిషమే, వాళ్లు ఇంట్లో పడుకున్నా దుబాయిలో ఉన్నా అంతే. చచ్చినవాళ్ల వంతుకు ఎవరి నడక వాళ్లది. కరుణాకర్ రావు వంతు వచ్చినప్పుడు మూడు నిమిషాలు, దొర కదా, తొందరపడడు, గార్డు టోపీ సర్దుకోవడం నవత కళ్లారా చూసింది. బావిలో పడ్డ అంజికి ఇరవై రెండేళ్లు, వాడి వంతుకు బండి పది లెక్కలు ఎక్కువాగింది, అంతే, ఒక్క దూకులో ఎక్కేసి ఉంటాడు. ఆ రోజు నవత గదిలోకి పోయి ఏడ్చింది. గార్డులు మారుతుంటారు, డ్రైవర్లు మారుతుంటారు, లెక్క మారదు.

సంపత్‌కు ఎంత పెట్టాలి మరి. అతనెప్పుడూ అందరినీ ఎక్కనిచ్చి, బండి కదిలాక అలా చెయ్యేసి ఎక్కేవాడు, తలకాయ పగులుతది అని నవత తిడితే, బండి నన్ను ఇడిచిపెట్టి పోదే అనేవాడు. భివండికి పోయినప్పుడూ అట్లాగే ఎక్కాడు, సంచీ ముందు విసిరి. సిరిసిల్లలో సాంచాలు నడిపినవాడికి భివండి మరమగ్గాలు కొత్త కావు, రెండేళ్లు చేసి వస్తా అన్నాడు. రెండేళ్లు కాకముందే లాక్‌డౌన్ వచ్చింది. మిల్లు మూశారు, గది ఖాళీ చెయ్యమన్నారు, నలుగురు కలిసి నడక మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం ఎవరిదో ఛార్జింగ్ ఉన్న ఫోన్ నుంచి మాట్లాడేవాడు. చివరి ఫోన్ మే నెలలో. కాళ్లు బొబ్బలెక్కి పగిలినయే, చెప్పులు తెగినయి, అయినా ఏం ఫికర్ లేదు, పట్టాలు పట్టుకుని నడుస్తున్నం, రోడ్లయితే తప్పిపోతం గానీ పట్టాలెట్ల తప్పిపోతయి, సీదా మన రాళ్లచెలిమె కాడికే వస్తయి. అంతే, ఫోన్ ఆగిపోయింది. పన్నెండు రోజులకు మిగతా ముగ్గురు ఊరు చేరారు. వాళ్లలో జలపతి ఈ బెంచీ మీదే కూర్చుని చెప్పాడు, తల ఎత్తకుండా. పర్భణి దాటినంక కూసున్నడు వదినా, మీరు నడువుండ్రి, ఎనుకనే అస్త అన్నడు. మేం మల్ల తిరిగి చూసినం, చెయ్యి ఊపిండు. ఎనుకనే అస్త అన్నవాడి కోసం జలపతి రెండుసార్లు మళ్లీ పర్భణి పోయాడు, పోలీసుల చుట్టూ తిరిగాడు, ఆసుపత్రుల్లో అడిగాడు, స్టేషన్లలో ఫోటోలు అంటించాడు. మనిషి లేడు, శవం లేదు, చెప్పు కూడా లేదు.

దేవమ్మ మాత్రం నమ్మలేదు. సంపత్ తల్లి, రెండు కళ్లలోనూ పువ్వులు పడి గోడ పట్టుకుని నడుస్తుంది. నా కొడుకు నడుస్తుండు అంటుంది, ఏదో అతను నిన్ననే బయల్దేరినట్టు. కొడుక్కి దినాలు చేద్దామని ఊరి పెద్దలు అంటే చీపురు తీసింది. మొన్న శ్రీశైలం సంగతి నవత నాన్చకుండా చెప్పేసినప్పుడు గోడ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుని, "పో బిడ్డా, నేను వద్దంటనా, నీకేం ముసల్తనమా," అంది. ఆ వెంటనే, "గని వాడు అచ్చినంక నేనేం చెప్పాలె వానికి? నీ పెండ్లాం సిరిసిల్లల ఉన్నది, పోయి తెచ్చుకో అని చెప్పనా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది, ఏం చెప్పాలో తెలియక. ఆ మాటే నవతకు నిద్ర లేకుండా చేసింది. అతను చచ్చిపోయాడని తెలిస్తే ఏడుస్తుంది, దినాలు చేస్తుంది, లేచి నిలబడుతుంది. బతికున్నాడని తెలిస్తే, ఎక్కడ ఉన్నా పోయి వెతుకుతుంది, లేదా గుమ్మంలోనే కూర్చుంటుంది. రెండూ తెలియకుండా ఆరేళ్లు ఎవరైనా కూర్చోగలరా, నేను కూర్చున్నాను, ఇక చాలు.

చాలు అనుకోవడం ఇవాళ కొత్త. ఆ లెక్క తెలిసినప్పటి నుంచీ అతని వంతు వచ్చిన ప్రతిసారీ భయపడి ఆమే ఆ టికెట్టు పట్టుకుని బండెక్కింది. తను ఎక్కితే బండి ఆమె కోసం ఆగినట్టవుతుంది, ఇంకెవరి కోసమో ఆగిందో లేదో తెలియదు. జగిత్యాల పోయి, దిగి, మొహం కడుక్కుని బస్సులో వెనక్కి వచ్చేది. తెలుసుకోకుండా ఉండటానికి అంత తిరగాలి. శ్రీశైలం మంచివాడు. భార్య పోయి నాలుగేళ్లు, సిరిసిల్లలో ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు, ఎక్కువ మాట్లాడడు, ఫోన్లో అతని గొంతు కంటే వెనక మగ్గాల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే నవతకు పుట్టిల్లు గుర్తొస్తుంది. చిన్నప్పుడు ఆ నేతవాళ్ల వాడలో పగలూ రాత్రీ టకటకా టకటకా, అందులోనే తిని అందులోనే పడుకునేవాళ్లు, కరెంటు పోయి చప్పుడు ఆగిపోతే పిల్లలందరికీ ఒక్కసారి మెలకువ వచ్చేది, ఏమైంది ఏమైంది అని లేచి కూర్చునేవాళ్లు. చప్పుడు ఆగితే భయం. సంపత్ ఫోన్ ఆగిపోయిన రాత్రి కూడా అట్లాగే లేచి కూర్చుంది, ఇంకా పడుకోలేదు, ఆరేళ్లుగా అదే మెలకువ.

"అచ్చె," అన్నాడు కొమురెల్లి.

పడమటి వంపులో దీపం కనిపించింది, ఎండ ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి పాలిపోయిన చుక్కలా ఉంది. పట్టాలు సన్నగా జుయ్యిమన్నాయి. నవత టికెట్టును పిడికిట్లో బిగించి, ఎక్కనని తనకు తాను చెప్పుకుని, రేకుల కప్పు స్తంభాన్ని రెండో చేత్తో పట్టుకుంది, కాళ్లు అలవాటుగా ముందుకు పోతాయేమోనని. ఇంజను దాటింది, మొదటి పెట్టె, రెండోది, కిటికీల్లో నిద్రమొహాలు, ఎక్కడో మొక్కు తీర్చుకుని వస్తున్న గుండ్ల పిల్లలు, చివరికి గార్డు పెట్టె ఆమె ఎదురుగా ఆగింది. గార్డు కొత్తవాడు, నడివయసు మనిషి, జెండాలు చంకలో ఉన్నాయి. ఒకటి. రెండు. చిన్నప్పుడు నూలు కండెలు చుట్టేటప్పుడు చేతికి పట్టిన లెక్క అది, తప్పదు. పది. గార్డు ప్లాట్‌ఫారం అటు చివర చూశాడు, ఇటు చూశాడు. ఇరవై. ఆగు, ఆగు, ఎవర్ని ఆగమంటున్నాను, పోవాలని కదా కోరుకోవాలి, పోతే బతికున్నట్టు కదా. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై అనకముందే గార్డు పచ్చ జెండా తీశాడు. ఈల వేశాడు. బండి కదిలింది.

బతికే ఉన్నాడు. స్తంభం మీద చెయ్యి జారిపోయింది. బతికే ఉన్నాడు, ఆరేళ్లు, ఎక్కడో తింటున్నాడు, పడుకుంటున్నాడు, ఫోన్ నంబరు నోటికొచ్చు, ఊరి పేరు ఈ బోర్డు మీద మూడు భాషల్లో ఉంది, పట్టాలు తప్పిపోవని తనే చెప్పాడు, అయినా రాలేదు. రాలేదంటే రావాలనుకోలేదు. ఎక్కడుంది ఆమె, ఎవతె, లేక అసలు ఎవరూ లేకుండానే మమ్మల్ని విదిలించుకున్నాడా. సంతోషం వస్తుందని ఎదురుచూసింది నవత, రాలేదు, కోపం వచ్చింది. ముసలిది గోడలు పట్టుకుని నడుస్తోంది నీ కోసం. నేను నీ వంతు టికెట్లు కొని కొని. ఆరేళ్లు నువ్వు చచ్చిపోయావని దొంగతనంగా ఏడ్చాను, మళ్లీ అలా అనుకున్నందుకు చెంపలేసుకున్నాను. శ్రీశైలానికి ఏం చెప్పను, మా ఆయన బతికున్నడు గానీ నేను అక్కర్లేదట అని చెప్పనా.

అప్పుడు బ్రేకులు పడ్డాయి.

ఇనుము గట్టిగా కీచుమంది. బండి ప్లాట్‌ఫారం దాటే చోట ఆగింది, చివరి పెట్టె మాత్రం ఇంకా కంకర మీదే ఉంది, నవతకు ముప్పై అడుగుల దూరంలో. ఎర్ర జెండా గార్డు చేతిలోనే ఉంది. అతను ప్లాట్‌ఫారం వైపు చూడటం లేదు. వెనక్కి తిరిగి, పెట్టె లోపలికి చూస్తున్నాడు. నవత పరుగెత్తబోయింది, గార్డు చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

"ఆగమ్మా. దిగుతుండు."

ఆమె ఆగింది. గార్డు గుమ్మంలో ఒక పక్కకు జరిగి, ఒక చెయ్యి కమ్మీ పట్టుకుని రెండో చెయ్యి కిందికి చాచాడు. చాచిన చేతి మీద బరువు పడినట్టు అతని భుజం కిందికి వంగింది. మెల్లగా. ఒక మెట్టు. చాలాసేపు. ఇంకో మెట్టు. "కాళ్లు బాగలేవు పాపం, నిదానంగ దిగనియ్యి," అన్నాడు గార్డు, ఎవరితోనో కాదు, నవతతోనే, ఏ ముసలివాళ్ల గురించో ఎవరైనా చెప్పే మామూలు గొంతుతో. మెట్టు కింద కంకర సన్నగా నలిగింది. గార్డు నడుము నిటారు చేసి, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, జెండా మార్చాడు. బండి ఈసారి నిజంగా పోయింది. పోయిన చప్పుడు కూడా పోయింది.

ఇంతకాలం ఎక్కేవాళ్లనే లెక్కపెట్టాను, అనుకుంది నవత. ఎక్కేవాళ్లు ఈ ఊళ్లో చచ్చిపోయినవాళ్లు. ఈ ఊళ్లో లేనివాడు ఇక్కడెట్ల ఎక్కుతాడు. ముందు రావాలి కదా. వస్తా అన్నాడు. పర్భణి దాటాక కూర్చున్నవాడు మళ్లీ ఎప్పుడు లేచాడో, ఎన్నేళ్లు నడిచాడో, ఎక్కడ ఇక నడవలేక బండెక్కాడో, ప్రతి వంతుకూ నేను టికెట్టు పట్టుకుని ఎదురుగా ఎక్కేస్తుంటే ఎట్లా దిగుతాడు. పట్టాల అవతల గొర్రెలన్నీ మేత ఆపి ఒకే వైపు తలలు తిప్పాయి.

"ఎవలు దిగిండ్రు బిడ్డా?" కొమురెల్లి అటు చూడకుండానే అడిగాడు. బీడీ పక్కన పడేసి, కష్టం మీద లేచి నిలబడ్డాడు, తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"మా ఇంటాయన," అంది నవత.

ముసలాయన తలాడించాడు. బెంచీ మీద సగం చోటు వదిలి మళ్లీ కూర్చున్నాడు. "జెర సేపు కూసోనియ్యి. దూరంకెళ్లి అచ్చిండు."

నవత కూర్చోనిచ్చింది. తిట్టింది గుర్తొచ్చి సిగ్గేసింది. దగ్గరికి పోలేదు, చూపు ఎత్తలేదు, అక్కడ ఏమీ కనబడకపోతే భరించలేననుకుంది, కనబడితే ఇంకా భరించలేననుకుంది. ఫోన్ మోగింది.

"బండి పోయిందా?" శ్రీశైలం. వెనక సాంచాలు టకటకా.

"పోయింది."

"మరి?"

"పదకొండు దినాలు ఆగు. గప్పుడు రా. అత్తను గూడ తీస్కపోవాలె, ఒక్కతె ఉండలేదు."

"తీస్కపోదాం, గది అడుగుడేంది," అన్నాడు వెంటనే, తర్వాత ఆ మొదటి మాట అర్థమై గొంతు తగ్గించాడు. "పదకొండు దినాలేంది నవతా. ఎవలు పోయిండ్రు?"

"సంపత్."

వెనక మగ్గాల చప్పుడు పల్చబడింది, బయటికి వచ్చినట్టున్నాడు. "ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. ఇంటికి తీస్కపోతున్న, మల్ల మాట్లాడుత," అని ఫోన్ పెట్టేసింది.

గదికి తాళం వేసింది. పొలాల గట్టు మీద ఇంటి దారి ఇద్దరు పక్కపక్కన నడవగలిగేంత వెడల్పు ఉంటుంది, ఆమె ఎడమ అంచుకు జరిగి, కుడి పక్కన చోటు వదిలి, "నడువు," అంది, మెల్లగా, పక్కకు చూడకుండా. "తొందరేం లేదు." నాలుగడుగులు వేసి ఆగింది. పక్కన మట్టిపెళ్ల నలిగిన తర్వాత మళ్లీ నాలుగు వేసింది. ఇంటికి ఏడు నిమిషాల దారి. ఆ సాయంత్రం నవతకు ముప్పావుగంట పట్టింది.